నల్ల పిండి అట్టు... ఆ నేల గుట్టు!

పిండి, నీళ్లు, ఉప్పు... ఈ మూడే సరుకులు. వాటితో పోసిన అట్టు కొన్ని వందల ఏళ్లపాటు ఒక ప్రాంతం కడుపు నింపింది. పొట్ట చేతపట్టుకుని రాజధానికి వలసపోయినవాళ్లకి బతుకుదెరువైంది. పొలాల్లోంచి దాదాపు మాయమైపోయిన పంటని తిరిగి పిలుచుకొచ్చింది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో ఎటు తిరిగినా ఆ అట్టు కథే!

శనివారం పొద్దున రెన్ నగరంలో లీస్ సంతకి వెళ్లాలంటే దారి అడగక్కర్లేదు. సంచులు పట్టుకుని నడిచే జనం వెనకే వెళితే చాలు. 1622 నుంచీ అక్కడ సంత జరుగుతోందని చెబుతారు. ఫ్రాన్స్‌లోని పెద్ద సంతల్లో అదొకటి. ఒక పక్క సముద్రం నుంచి వచ్చిన చేపలు, గుల్లలు. మరోపక్క దుంపలు, ఆకుకూరలు, పూలు, జున్ను. అన్నిటికన్నా పెద్ద వరుస మాత్రం పొగలు కక్కే బండ్ల ముందు ఉంటుంది. నిప్పుల మీద కాల్చిన పంది మాంసం సాసేజ్‌ని చల్లారిన నల్లటి అట్టులో చుట్టి చేతికిస్తారు. పళ్లెం లేదు, చెంచా లేదు. కాగితంలో పట్టుకుని నడుస్తూ తినేయడమే. దాని పేరు గాలెట్-సోసిస్. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్నా, తిరునాళ్లున్నా ఇది ఉండాల్సిందే.

పాన్‌కేక్ అనగానే మనకి గుర్తొచ్చేది మైదా, గుడ్లు, పాలు కలిపి మెత్తగా, దళసరిగా పోసే అమెరికా అట్టు. దుకాణంలో పొట్లం కొని నీళ్లు కలిపితే అయిపోయే రకాలూ వచ్చేశాయి. గాలెట్ అలాంటిది కాదు. పల్చగా, వెడల్పుగా, బూడిదరంగులో ఉంటుంది. తీపి ఉండదు. చూడగానే మన రాగిదోసె అనుకుంటాం. నోట్లో పెట్టుకుంటే వేయించిన గింజల వాసన. అది ఏ గింజ అన్నదే అసలు కథ.

గోధుమ కాదు... చుక్కకూర చుట్టం!

బ్రిటనీ అంటే బ్రిటన్ కాదు. ఫ్రాన్స్‌కి వాయవ్య మూలన సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల అది. అయితే పేరులో పోలిక ఊరికే రాలేదు. అయిదారు శతాబ్దాల్లో సముద్రం దాటి అటునుంచి ఇటు వచ్చి స్థిరపడినవాళ్ల వల్లే ఆ పేరు. వాళ్ల బ్రెటన్ భాషకీ ఫ్రెంచికీ దగ్గరి సంబంధం లేదు. వేల్స్‌లో మాట్లాడే వెల్ష్ భాషకి అది దగ్గరి బంధువు. 1532లో ఫ్రాన్స్‌లో కలిసేదాకా బ్రిటనీ వేరే రాజ్యం. పడమటి కొసన ఉన్న జిల్లా పేరు ఫినిస్టేర్. నేల అక్కడితో ఆఖరు అని ఆ మాటకి అర్థం.

ఆ కొసన ఎప్పుడూ గాలి, వాన. చాలాచోట్ల పులుపెక్కిన, సారం లేని నేల. గోధుమ సరిగ్గా పండేది కాదు. పండినా పేదల ఇంటికి చేరేది తక్కువ. అలాంటి చోట నిలదొక్కుకున్న పంట బక్‌వీట్. పేరులో ‘వీట్’ ఉన్నా గోధుమతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. అసలిది గడ్డిజాతే కాదు. మనం పప్పులో వేసుకునే చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క! ఎర్రటి కాడలు, తెల్లటి పూలు, మూడు పలకల నల్లటి గింజలు. పుట్టింది చైనా నైరుతి ప్రాంతంలో. హిమాలయాల్లో ఇప్పటికీ పండిస్తారు. ఉత్తరాది వాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండి ఇదే.

ఆసియా నుంచి నడిచి నడిచి మధ్యయుగాల చివర్లో యూరప్ చేరిందీ గింజ. ఫ్రెంచిలో దానికి సరజాన్ అని పేరు పెట్టారు. తూర్పు నుంచి వచ్చిన పరాయివాళ్లని యూరప్‌లో అప్పట్లో ఆ మాటతోనే పిలిచేవారు. రంగు చూసి బ్లే న్వార్ అనీ అన్నారు. అంటే నల్ల గోధుమ. బ్రిటనీని ఏలి, ఇద్దరు ఫ్రాన్స్ రాజులకి రాణి అయిన డచెస్ ఆన్ ఈ పంటని ప్రోత్సహించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆమె 1514లో చనిపోయింది. ఆమె చలవో, నేల చలవో గానీ, ఆ తర్వాతి శతాబ్దాల్లో బ్రిటనీ పొలాలు వేసవి వస్తే తెల్లగా పూసేవి.

దీన్ని ‘నూరు రోజుల మొక్క’ అంటారు. మే, జూన్ నెలల్లో చల్లితే చలి ముదిరేలోపు చేతికొస్తుంది. ఎరువు పెద్దగా అడగదు. దట్టంగా ఎదిగి కలుపుని తొక్కేస్తుంది. పూత మీదున్నప్పుడు తేనెటీగలకి పండగే. ఒక్కటే చిక్కు... గింజలన్నీ ఒకేసారి పండవు. కింద గింజ ముదిరితే పైన పువ్వు ఉంటుంది. గాలివాన వచ్చిందంటే ముదిరినవన్నీ రాలిపోతాయి. అందుకే ఈ పంట దిగుబడి మీద ఏ రైతూ ముందే లెక్కలు వేసుకోడు.

పెనం ముందు మెలకువ

ఈ పిండితో రొట్టె చేద్దామంటే పొంగదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఇందులో ఉండదు. కాబట్టి అట్టు పోయడమొక్కటే దారి. గాలెట్ అన్న పేరు కూడా నున్నటి రాయి అనే అర్థమున్న ‘గాలే’ నుంచి వచ్చిందంటారు. కాలిన రాతి పలక మీద పోయడంతో మొదలైన వంట తర్వాత ఇనప పెనానికి మారింది. బ్రెటన్ భాషలో ఆ పెనం పేరు బిలిగ్. గుండ్రంగా, దళసరిగా, అంచుల్లేకుండా ఉంటుంది. అడ్డంగా జానెడున్నర దాటుతుంది. ఒకప్పుడు పొయ్యిలో ముక్కాలిపీట మీద పెట్టి కింద కట్టెలు ఎగదోసేవారు. ఇప్పుడు గ్యాసు, కరెంటు బిలిగ్‌లు వచ్చాయి.

పెనం పక్కన రెండే పనిముట్లు. ఒకటి రోజెల్. కళ్లంలో ధాన్యాన్ని నెరిపే చెక్క పలకకి బుల్లి రూపంలా ఉంటుంది. సన్నటి పుల్లకి అడ్డంగా చిన్న చెక్క. దాంతో పిండిని తిప్పుతారు. రెండోది కత్తిలా పొడుగ్గా ఉండే చెక్క అట్లకాడ. ఇంకో మూల గుడ్డ చుట్ట ఒకటి ఉంటుంది. మనం సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనం తుడిచినట్టే వాళ్లు ఆ గుడ్డతో తుడుస్తారు. పాతకాలంలో అయితే పంది కొవ్వులో గుడ్డు సొన కలిపి రాసేవారు.

పిండి కలపడం దగ్గరే సగం నేర్పు. గ్లూటెన్ లేని పిండి కాబట్టి ఊరికే కలిపితే పెనం మీద చిరుగుతుంది. అందుకే పాతతరం ఆడవాళ్లు గిన్నెలో చెయ్యి పెట్టి, కిందినుంచి పైకి ఎత్తుతూ పిండిని కొట్టేవారు. మన పెద్దవాళ్లు గారెల పిండిని చేత్తో గిలకొట్టినట్టన్నమాట. అలా కొడితే లోపలికి గాలి చేరుతుంది. పిండి సాగుతుంది. తర్వాత కనీసం గంటో రెండు గంటలో, వీలైతే రాత్రంతానో నాననివ్వాలి. పిండి నీళ్లని పూర్తిగా పీల్చుకుంటేనే అట్టుకి అతుకు వస్తుంది. రాత్రంతా ఉంటే మన దోసె పిండిలా కొంచెం పులుస్తుంది కూడా.

పెనం బాగా కాలాలి. గరిటెడు పిండి పడగానే చుయ్యిమనాలి. ఆ క్షణం నుంచి చేతికి దొరికేది కొద్ది సెకన్లే. రోజెల్‌ని నొక్కకూడదు. పిండి మీద తేలుతున్నట్టుగా మణికట్టుతో తిప్పాలి. నొక్కితే గీతలు పడతాయి. ఆలస్యం చేస్తే గడ్డ కడుతుంది. సరిగ్గా పడితే పెనమంతా సన్నటి చిల్లులు పూస్తాయి. పనివాడి చేయి ఎలాంటిదో ఆ చిల్లులే చెప్పేస్తాయి. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. అందుకే వృత్తిగా నేర్చుకునేవాళ్లకి బ్రిటనీలో శిక్షణ కేంద్రాలూ ఉన్నాయి.

అన్నట్టు, బ్రిటనీ అంతటా అట్టు ఒకేలా ఉండదు. తూర్పున రెన్ వైపు దాన్ని గాలెట్ అంటారు. పిండి, నీళ్లు, ఉప్పు అంతే. మెత్తగా, కాస్త మందంగా ఉంటుంది. పడమటి వైపు క్రెప్ అంటారు. కొందరు గుడ్డో, పాలో, గుప్పెడు గోధుమ పిండో కలుపుతారు. పల్చగా, అంచులు కరకరలాడాలి. ఏది అసలుదని అడిగారంటే మాత్రం ఇరువైపులా వాదన తెగదు. పెసరట్టు పల్చగా ఉండాలా, దళసరిగా ఉండాలా అని మనవాళ్లు వాదించుకున్నట్టే!

మజ్జిగలో ముంచి...

పల్లెల్లో రోజూ పెనం పెట్టేవారు కాదు. చాలా ఇళ్లలో వారానికోసారి, ఎక్కువగా శుక్రవారం పోసేవారు. క్రైస్తవ ఆచారం ప్రకారం శుక్రవారం మాంసం ముట్టరు. ఆ రోజు పోసిన దొంతర మరికొన్ని రోజులు వచ్చేది. మర్నాడు వెన్నలో వేడిచేసుకునేవారు. లేకపోతే ముక్కలు చేసి పులుసులో వేసుకునేవారు. ఇప్పటికీ అట్ల దుకాణాల్లో డజను, అరడజను లెక్కన కొని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు ఎందరో.

తోడుగా ఏం తాగుతారో తెలుసా? మజ్జిగ! దాని పేరు లే రిబో. వెన్న చిలికే కవ్వాన్ని అక్కడ రిబో అంటారు. కవ్వం కింద మిగిలిన పాలు కాబట్టి ఆ పేరు. చల్లటి మజ్జిగ గిన్నెలో వేడి గాలెట్ ముక్క ముంచుకుని తినడం అక్కడి పెద్దవాళ్లకి ప్రాణం. ఆపిల్ పండ్ల రసాన్ని పులియబెట్టిన సైడర్‌ని కూడా గాజు గ్లాసుల్లో కాకుండా పింగాణీ గిన్నెల్లో పోసుకుంటారు.

ఇక వెన్న. ఫ్రాన్స్‌లో ఎక్కువచోట్ల చప్పటి వెన్న వాడితే, బ్రిటనీలో మాత్రం ఉప్పు వెన్న. దీని వెనకా చరిత్ర ఉంది. రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో ఉప్పు మీద గాబెల్ అనే పన్ను ఉండేది. బ్రిటనీకి దాన్నుంచి మినహాయింపు. పక్కనే గెరాండ్ ఉప్పుమడులు. ఉప్పు చౌక కావడంతో వెన్న నిల్వ ఉండటానికి ధారాళంగా కలిపేవారు. 1790లో పన్ను పోయినా ఆ రుచి పోలేదు.

హోటళ్లలో ఎక్కువమంది అడిగేది గాలెట్ కంప్లీట్. పెనం మీదే గుడ్డు కొట్టి, జున్ను తురుము, హ్యామ్ ముక్క వేసి, నాలుగు వైపులా మడిచి పెడతారు. అది తిన్నాక తీపి క్రెప్. దానికి మాత్రం గోధుమ పిండి, గుడ్లు, పాలు, చక్కెర. ఒకప్పుడు గోధుమ ఖరీదు కాబట్టి ఆ క్రెప్ పండగలకే. ఫిబ్రవరి 2న వచ్చే షాందలర్ పండగ రోజు ఫ్రాన్స్ అంతటా ఇంటింటా క్రెప్‌లు పోస్తారు. ఒక చేతిలో నాణెం పట్టుకుని, రెండో చేత్తో పెనం ఎగరేసి క్రెప్‌ని తిప్పేస్తే ఏడాదంతా డబ్బుకి లోటుండదని నమ్మకం. కెంపేర్ ఊరికి వెళితే లేస్ క్రెప్‌లు రుచి చూడాల్సిందే. కాగితమంత పల్చటి పొరల చుట్టలు... మన ఆత్రేయపురం పూతరేకులకి దూరపు చెల్లెళ్లు!

రైలెక్కిన పెనం

పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటనీ పేద ప్రాంతం. 1865లో రైలు మార్గం పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ దాకా వచ్చింది. అదే రైలు వేలమందిని పారిస్ మోసుకెళ్లింది. మగవాళ్లు మట్టిపనికి, ఆడవాళ్లు ఇళ్లలో పనికి. వాళ్ల యాస, వాళ్ల తెల్లటి లేస్ టోపీలు రాజధానిలో నవ్వులాటయ్యాయి. రైలు దిగేది మోంపర్నాస్ స్టేషన్‌లో. ఎక్కువ దూరం పోలేక చాలామంది ఆ చుట్టుపక్కలే ఉండిపోయారు. కొందరు అక్కడే పెనం పెట్టారు. ఇప్పటికీ మోంపర్నాస్ వీధిలో అడుగుకో అట్ల హోటలు. భోజనాల వేళకి వరసలు కడతారు. ఎవరి వంటనైతే పేదల తిండి అని చులకన చేశారో, దానికోసమే పారిస్ నిలబడి ఎదురుచూస్తోంది.

అయితే ఇక్కడే కథ అడ్డం తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటనీ వ్యవసాయం రూపు మారిపోయింది. ట్రాక్టర్లు, ఎరువులు, పెద్ద డెయిరీలు, పందుల ఫారాలు వచ్చాయి. పశువుల మేతకి మొక్కజొన్న కావాలి. దిగుబడి నమ్మకంలేని నల్ల గింజ ఎవరికి కావాలి? చూస్తుండగానే తెల్లటి పూల పొలాలు అరుదైపోయాయి. విచిత్రమేంటంటే, సరిగ్గా అదే కాలంలో పర్యాటకులు పెరిగి అట్ల హోటళ్లు ఊరూరా వెలిశాయి. పెనాలు పెరిగాయి... పంట పోయింది! దాంతో పిండి కోసం చైనా నుంచి, తూర్పు యూరప్ నుంచి గింజలు తెప్పించుకోవాల్సి వచ్చింది. బ్రిటనీ గాలెట్‌లో బ్రిటనీ గింజే లేకుండా పోయింది.

అది కొందరు రైతులకీ మిల్లర్లకీ నచ్చలేదు. మన గింజని మనమే పండించుకుందామని జతకట్టారు. రైతుకి కొనుగోలు భరోసా ఇచ్చి మళ్లీ విత్తనం చల్లించారు. 2010లో ‘బ్రిటనీ నల్ల గోధుమ పిండి’కి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ ముద్ర ఉన్న పొట్లంలోని గింజ అక్కడి నేలలోనే పండాలి, అక్కడే మర పట్టాలి. దిగుమతులు ఆగిపోలేదు. కానీ అట్టు తినేవాడు పిండి ఎక్కడిదని అడగడం మొదలైంది. గ్లూటెన్ పడనివాళ్లు, రసాయనాలు లేని సేద్యం చేసేవాళ్లు కూడా ఈ గింజ వైపు చూస్తున్నారు.

మనకిది కొత్త కథేం కాదు. జొన్న, కొర్ర, సామ కూడా పేదల తిండి అనిపించుకుని పొలం గట్టు దాటిపోయినవే. జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు విత్తనాలు దాచి వాటిని కాపాడుకొచ్చారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేసరికి అవే పెద్ద హోటళ్ల బల్లలెక్కాయి. ఏ గింజైనా పొలంలో నిలవాలంటే ముందు వంటింట్లో నిలవాలి. దాన్ని వండే చెయ్యి ఉండాలి. బ్రిటనీలో పంట పోయినా పెనం ఆరలేదు. అందుకే పంట తిరిగొచ్చింది.

చూడాలంటే...

పారిస్ మోంపర్నాస్ నుంచి రెన్‌కి వేగంగా వెళ్లే రైల్లో గంటన్నర ప్రయాణం. తెల్లగా పూసిన పొలాలు చూడాలంటే జులై, ఆగస్టు నెలలు మంచివి. జులైలోనే గూరాన్ అనే చిన్న ఊళ్లో క్రెప్‌ల జాతర జరుగుతుంది. ఆ ఊరి నుంచి అమెరికాకి వలసపోయినవాళ్ల గుర్తుగా అక్కడ స్టాట్యూ ఆఫ్ లిబర్టీ నమూనా కూడా నిలబెట్టారు. మాంసం తిననివాళ్లు బెంగపడక్కర్లేదు. వెన్న రాసిన ఉత్త గాలెట్, పుట్టగొడుగులదీ, జున్నుదీ ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే పెనానికి ఏం రాస్తున్నారో ముందే అడగడం మంచిది.

ఇంట్లో పోయాలంటే...

కావలసినవి: బక్‌వీట్ (కుట్టు) పిండి 330 గ్రాములు, కల్లుప్పు 10 గ్రాములు, చల్లటి నీళ్లు ముప్పావు లీటరు, ఇష్టమైతే ఒక గుడ్డు, పెనానికి రాయడానికి వెన్న. పది, పన్నెండు అట్లు వస్తాయి.

పిండి తాజాదై ఉండాలి. ఇది త్వరగా మక్కిపోతుంది. చేదు వాసన వస్తే వాడొద్దు. కొద్దిమందికి ఈ గింజ పడదు కాబట్టి, మొదటిసారి తినేవాళ్లు కొంచెమే తిని చూడాలి.

వెడల్పాటి గిన్నెలో పిండి, ఉప్పు వేసి మధ్యలో గుంట చేయాలి. గుడ్డు వేసేటట్లయితే అందులో కొట్టాలి. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపాలి. సగం నీళ్లు పోశాక పిండి చిక్కగా ఉంటుంది. అప్పుడు చేత్తో అయిదారు నిమిషాలు బాగా గిలకొట్టాలి. తర్వాత మిగతా నీళ్లు పోసి, మూతపెట్టి రెండు గంటలు నాననివ్వాలి. రాత్రంతా ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. పోసేముందు మరీ చిక్కగా ఉంటే కాసిని నీళ్లు చేర్చుకోవచ్చు. పల్చటి రవ్వదోసె పిండికన్నా కొంచెం చిక్కగా ఉంటే చాలు.

ఇనప పెనాన్ని బాగా కాల్చి వెన్న తడి గుడ్డతో తుడవాలి. రోజెల్ లేకపోతే ఫర్వాలేదు. పెనాన్ని చేత్తో ఎత్తి, పిండి పోస్తూనే వంచి తిప్పితే అదే పాకుతుంది. అంచులు వాటంతటవే లేచాక తిరగేయాలి. మళ్లీ తిప్పి వెన్న రాసి, కావలసింది మధ్యలో పెట్టి నాలుగు వైపులా మడవాలి. పక్కన గ్లాసుడు మజ్జిగ ఉండనే ఉంది.

మొదటిది చిరిగిందని మాత్రం మొత్తం పక్కన పెట్టేయకండి. బ్రిటనీలోనైనా, బాపట్లలోనైనా పెనం మాట వినేది రెండో అట్టు నుంచే!